పలుకని తెర

రేడియోలో పనిచేయువారికి నిశ్శబ్దమంత భయంకరమైనది మరియొకటి లేదు. పాట ముగిసిన పిమ్మట తరువాతి ప్రకటన వెలువడుటకు నాలుగైదు సెకనుల ఆలస్యమైనచో, ఎక్కడో ఒక యింటిలో శ్రోత చేయి రేడియో మరమీదికి పోవును. సెట్టు చెడిపోయినదా, కరెంటు పోయినదా, స్టేషనే ఆగిపోయినదా అని మూడు సందేహములు ఒక్కసారిగా ఆతని మనస్సున మెదలును. నిజమునకు స్టూడియోలో పని ఆగియుండదు. లోపల నలుగురు మనుష్యులు తొందరపడుచునే యుందురు. కాని వినువానికి ఆ సంగతి తెలియు మార్గము లేదు. అందుచేతనే "అంతరాయమునకు చింతించుచున్నాము" అని ఒక్క మాట చెప్పుట మా వృత్తిలో మొదటి మర్యాద. ఆ మాటవలన అంతరాయము తొలగదు. శ్రోత భయము మాత్రము తొలగును.

కంప్యూటరు ముందు కూర్చుండువాని అవస్థయు ఇటువంటిదే. ఒక కచేరీలో గుమాస్తా జీతముల పట్టిక సిద్ధము చేయుమని మీట నొక్కును. తెర కదలదు. మరల నొక్కును. అప్పుడును బదులు లేదు. "సిస్టమ్ హ్యాంగ్ అయినది" అని ప్రక్కవానితో చెప్పును. కొంతసేపు చూచి, విసిగి, స్విచ్చి కట్టివేయును. అప్పటికి ఆ యంత్రము పనిలో తొమ్మిది పాళ్లు ముగించియుండవచ్చును. ఇంకొక నిమిషము ఓపిక పట్టినచో పట్టిక చేతికి వచ్చెడిదే. కాని ఓపిక పట్టుమని చెప్పినవారెవరు? పని పోయినది, కాలము పోయినది, యంత్రముమీద నమ్మకము కూడ పోయినది.

ఈ చిన్న అవస్థ వెనుక అరువది సంవత్సరములకు పైబడిన చరిత్ర కలదు. ఆ చరిత్ర యంతయు ఒక్క ప్రశ్న చుట్టును తిరిగినది. ఎవరి కాలము విలువైనది? యంత్రముదా, మనుష్యునిదా?

1950 దశకములో దీనికి సమాధానము స్పష్టముగా నుండెను: యంత్రము కాలమే విలువైనది. ఐబీఎం సంస్థవారి 704 వంటి కంప్యూటరులు గదులను నింపునంతటివి. వానిని కొనుటకును నడుపుటకును అపారమైన ధనము కావలసియుండెను. అందుచేత అవి ఒక్క నిమిషమైనను ఊరక కూర్చుండకుండ చూచుటయే నిర్వాహకుల ధ్యేయము. లెక్క కావలసిన శాస్త్రజ్ఞుడు తన ప్రోగ్రామును రంధ్రములు పొడిచిన కార్డులపై నెక్కించి, కట్టగట్టి, కిటికీలో అప్పగించి పోవలెను. అందరి కట్టలను వరుసగా చేర్చి యంత్రమునకు పెట్టుదురు. ఫలితము కొన్ని గంటలకో, మరునాటికో అచ్చుకాగితముపై వచ్చును. ఒక్క కామా తప్పు పడినను ఆ దినము వ్యర్థమే. తప్పు దిద్ది మరల వరుసలో నిలువవలెను. యంత్రమునకు విశ్రాంతి లేదు, మనుష్యునకు నిరీక్షణ తప్పదు.

ఈ ఏర్పాటును 1959 లో ఇద్దరు ప్రశ్నించిరి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, అనగా ఎంఐటీలో ఆచార్యులుగా నున్న జాన్ మెకార్తీ ఆ సంవత్సరము జనవరి 1వ తేదీతో ఒక పత్రమును వ్రాసి, ఒకే యంత్రమును పలువురు ఒకేసారి వాడుకొనుటకు వీలుండవలెనని సూచించిరి. అదే సంవత్సరము జూను మాసములో యునెస్కోవారు పారిస్ నగరమున జరిపిన సమావేశములో ఆంగ్లేయుడగు క్రిస్టఫర్ స్ట్రాచీ కాలమును పంచుకొనుటను గూర్చియే వ్యాసము చదివిరి. ఇరువురి ఉద్దేశములు కొంత వేరైనను, భావబీజ మొక్కటియే. యంత్రము మనుష్యునికంటె ఎన్నో రెట్లు వేగముగా పనిచేయును; మనుష్యుడు ఆలోచించు సమయమున అది మరియొకని పని చూడవచ్చును గదా!

ఈ భావమునకు రూపమిచ్చినవారు అదే ఎంఐటీలోని ఫెర్నాండో కొర్బాతో. ఆయన తన సహచరులతో కలిసి 1961 నవంబరులో ఐబీఎం 709 యంత్రముపై సీటీఎస్ఎస్ అను వ్యవస్థను ప్రదర్శించిరి. దాని కీలకము ఒక గడియారము. నియమితమైన వ్యవధికొకసారి ఆ గడియారము జరుగుచున్న పనిని ఆపి, పెత్తనమును పర్యవేక్షక ప్రోగ్రామునకు అప్పగించును. అది "నీ వంతు ముగిసినది, లెమ్ము" అని ఒకదానిని ప్రక్కకు పెట్టి, మరియొకదానికి అవకాశమిచ్చును. ఇంతేకాదు, చిన్న పనులకు ముందు వంతు, పెద్ద పనులకు తరువాతి వంతు అను న్యాయము నేర్పరచిరి. ఎక్కువసేపు పట్టు పని క్రమముగా క్రింది వరుసకు దిగును. అయితే వంతు వచ్చినప్పుడు దానికి ఎక్కువ కాలము లభించును. ఫలితముగా ఒక్క పంక్తి టైపు చేసి బదులుకై చూచువానిని, గంటసేపు నడుచు లెక్క ఆటంకపరుపజాలదు. కొర్బాతోకు 1990 లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారము లభించెను.

మెకార్తీ తరువాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు వెళ్లిరి. అచ్చట ఆయనకు శిష్యుడై 1966 లో డాక్టరేటు పట్టమును పొందిన దబ్బాల రాజగోపాలరెడ్డి, లోకము రాజ్ రెడ్డిగా నెరిగిన ఆయన, చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిన తెలుగువారు. యంత్రము మనుష్యుని మాటను గ్రహించునట్లు చేయుటకై ఆయన కృషిచేసి, 1994 లో ట్యూరింగ్ పురస్కారమును పొందిరి. మాటకు వెంటనే బదులు రానిచో సంభాషణ సాగదు. గురువును శిష్యుడును ఒకే సంగతిని రెండు ప్రక్కలనుండి చూచిరని మా తలంపు.

బదులు ఎంత త్వరగా రావలెను? దీనికి లెక్క కట్టినవారు కూడ కలరు. 1968 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున కంప్యూటరు నిపుణుల మహాసభ జరిగెను. ఆ సభలోనే 9వ తేదీన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్ అను పరికరమును చేతబట్టి, తెరమీద అక్షరములను దిద్ది చూపిరి. ఆ ప్రదర్శన లోకప్రసిద్ధము. అదే సభ సంపుటములో ఐబీఎం సంస్థకు చెందిన రాబర్ట్ మిల్లర్ వ్రాసిన వ్యాసమొకటి అంత ప్రసిద్ధికి రాలేదు. కాని మన విషయమునకు అదియే ముఖ్యము. మీట నొక్కినప్పుడు దాని గుర్తు సెకనులో పదవ వంతు ప్రాంతమున కనబడవలెననియు, ఆలోచన తెగకుండ సాగవలసిన పనులలో రెండు సెకనులకు మించిన జాగు చెరుపు చేయుననియు ఆయన వివరించిరి. ఒక పని ముగించి ఊపిరి పీల్చుకొను వేళ మనుష్యుడు కొంత ఎక్కువ జాగును సహించును. పని నడుమ నున్నప్పుడు సహించడు. వాక్యము నడుమ కలము చేయిజారుట వేరు, ఉత్తరము ముగించి మడత పెట్టునప్పుడు చేయిజారుట వేరు గదా!

ఈ లెక్కలను 1993 లో జేకబ్ నీల్సన్ తన గ్రంథములో మూడు మెట్లుగా సంగ్రహించిరి. సెకనులో పదవ వంతు లోపల బదులు వచ్చినచో తన చేతితోనే పని జరిగినట్లు మనుష్యునికి తోచును. ఒక్క సెకను లోపల వచ్చినచో ఆలస్యము తెలియునుగాని ఆలోచన తెగదు. పది సెకనులు దాటినచో మనస్సు మరియొకదానిమీదికి పోవును. యంత్రముల వేగము ఎన్ని రెట్లు పెరిగినను ఈ మెట్లు మారలేదు. ఏలననగా అవి యంత్రమునకు సంబంధించినవి కావు, మనుష్యుని మనస్సునకు సంబంధించినవి.

ఇచ్చట చరిత్రలో ఒక వింత జరిగినది. 1973 లో జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున ఆల్టో అను కంప్యూటరు తయారయ్యెను. అది ఒక్క మనిషికి ఒక్క యంత్రము. 1984 జనవరిలో యాపిల్ సంస్థవారి మెకింతోష్, 1985 నవంబరులో మైక్రోసాఫ్ట్ వారి విండోస్ వెలువడినవి. బల్లమీది కంప్యూటరు, దాని తెరమీద కిటికీలవంటి గళ్లు, మౌస్ సామాన్యులకు అందుబాటులోనికి వచ్చెను. యంత్రమంతయు ఒక్కనిదే కాబట్టి ఇక నిరీక్షణయే యుండదని అందరును తలంచియుందురు. కాని ఆ చిన్న యంత్రములలో జ్ఞాపకశక్తి మిక్కిలి స్వల్పము. మొదటి మెకింతోష్‌లో 128 కిలోబైట్లు మాత్రమే. పెద్ద యంత్రములపై 1961 లో నేర్చిన గడియారపు పాఠమును ఈ చిన్న యంత్రములలో పలువురు నిర్మాతలు అమలు చేయలేదు.

తెరవెనుక ఏమి జరుగునో ఒక ఉపమానముతో చెప్పుదుము. ఒక పల్లెటూరి తపాలా కార్యాలయమును ఊహింపుడు. కిటికీ దగ్గర ఒక్కడే గుమాస్తా. వచ్చినవారందరును వరుసలో నిలుతురు. ఒకనికి కార్డు, మరియొకనికి బిళ్లలు, ఇంకొకనికి మనియార్డరు ఫారము. ఒక్కొక్క పని క్షణములో ముగియును కాబట్టి వరుస చకచక కదలును. కంప్యూటరులో ప్రతి ప్రోగ్రాముకును ఇట్టి గుమాస్తా యుండును. మీట నొక్కుట, మౌస్ కదలుట, గడిని మరల చిత్రించుట అనునవి చీటీలుగా వరుసలో వచ్చి పడును. గుమాస్తా ఒక్కొక్క చీటీని తీసి నెరవేర్చును. ఇప్పుడు ఒకడు వచ్చి, సంవత్సరపు ఖాతాలన్నియు కూడి చెప్పుమనెను. గుమాస్తా తల వంచి లెక్కలో మునిగెను. వెనుకవారు పిలిచినను పలుకడు. కిటికీ తెరచియే యున్నది, మనిషి కనబడుచునే యున్నాడు, కాని కార్యాలయము మూసినట్లే. పలుకని తెర యనగా ఇదియే.

మెకింతోష్‌లో ఇంకొక చిత్రము కలదు. మౌస్ గుర్తును కదలించు బాధ్యత గుమాస్తాది కాదు. తెర పునశ్చిత్రణ వేళ యంత్రమే దానిని కదలించును. అందుచేత గుమాస్తా మునిగిపోయినను బాణము స్వేచ్ఛగా తిరుగుచుండును. బాణము కదలును, మీట పలుకదు! ఈ అవస్థను తెలుపుటకై ఆ బాణమునే చేతిగడియారపు బొమ్మగా మార్చిరి. ఆ బొమ్మను గీసినవారు సూజన్ కేర్. విండోస్‌లో దాని స్థానమున ఇసుక గడియారము వచ్చెను. ఇవి మా "చింతించుచున్నాము" అను ప్రకటనవంటివే. ఎంతసేపో చెప్పవు, ఆగిపోయినదో లేదో కూడ చెప్పవు.

ఒకేసారి పెక్కు ప్రోగ్రాములు తెరచి యుంచుకొను సౌకర్యము వచ్చినప్పుడు కష్టము ఇంకను పెరిగెను. విండోస్ తొలి కూర్పులలోను, 1987 లో మెకింతోష్‌కు వచ్చిన మల్టీఫైండరులోను ఒక ప్రోగ్రాము తనంత తాను వంతు వదలినగాని మరియొకదానికి అవకాశము రాదు. దీనికి సహకార పద్ధతి యని పేరు. సత్రములో అందరును మర్యాదస్థులైనప్పుడు ఇది చక్కగా సాగును. ఒక్కడు బావి చేద వదలకున్నచో అందరికిని నీరు లేదు. తమ దీర్ఘమైన పనిని ముక్కలుగా కోసి, నడుమ నడుమ "ఎవరైనను వేచియున్నారా?" అని చూచుట ప్రోగ్రాములు వ్రాయువారు నేర్చుకొనిరి. 1991 లో వెలువడిన విజువల్ బేసిక్ భాషలో ఇందుకై డూఈవెంట్స్ అను ఆజ్ఞయే యుండెడిది. కాని అందులో నొక ప్రమాదము కలదు. నడుమ వరుసను చూచునప్పుడు, అదే మనిషి అదే మీటను రెండవసారి నొక్కిన చీటీ దొరకవచ్చును. మొదటి లెక్క ముగియకుండగనే రెండవ లెక్క దానిలోనే మొదలగును. అందుచేత పని మొదలుపెట్టగనే ఆ మీటను పనిచేయకుండ చేయుట మంచి నిర్మాతల నియమమయ్యెను.

ఆ కాలముననే వేరు దారి త్రొక్కినవారును కలరు. 1985 లో కమోడోర్ సంస్థవారి అమీగా, ఇంటిలో వాడు చౌక యంత్రమైనను, గడియారముతో వంతులు పంచు పద్ధతిని అవలంబించెను. అనగా చిన్న యంత్రములలో అది అసాధ్యము కాదు. దాని నవసరమని తలంచుటయే ప్రధానము.

అదే 1985 లో టొరాంటో విశ్వవిద్యాలయమున నున్న బ్రాడ్ మైయర్స్ ఒక పరిశీలన ప్రకటించిరి. పని ఎంత శాతము ముగిసినదో తెలుపు గీత తెరమీద నున్నప్పుడు, లేనప్పుడు మనుష్యులెట్లు ప్రవర్తింతురో ఆయన పరీక్షించిరి. గీత యున్నచో పని త్వరగా కాదు. ఐనను అత్యధికులు దానినే కోరిరి. ఏలననగా ఎంత మిగిలినదో తెలిసినవాడు ఆ వేళను ఏమి చేయవలెనో తానే నిర్ణయించుకొనగలడు. కాఫీ త్రాగిరావచ్చును, మరియొక కాగితము చూడవచ్చును. నిరీక్షణలో బాధించునది కాలముకంటె అనిశ్చయమే. అయితే ఆ గీత సత్యము పలుకవలెను. తొంబదితొమ్మిది శాతమువరకు పరుగెత్తి, అచ్చట పావుగంట నిలుచు గీతను చూచినవారు దానిని మరల నమ్మరు. మిగిలిన కాలము లెక్కకు అందనప్పుడు, "ఇప్పుడు 300వ ఖాతా చూచుచున్నాను" అని జరుగుచున్నది చెప్పుటయే మేలు.

1993 లో విండోస్ ఎన్‌టీ, 1995 ఆగస్టులో విండోస్ 95, 2001 లో మెకింతోష్ ఓఎస్ టెన్ వెలువడి, గడియారపు పద్ధతి బల్లమీది యంత్రములకు సర్వసామాన్యమయ్యెను. విండోస్ 95 లో పాత 16-బిట్ ప్రోగ్రాములు మాత్రము తమలో తాము పాత మర్యాదతోనే వంతులు పంచుకొనెను. అయితే గడియార మొక్కటియే చాలదని ఐబీఎంవారి ఓఎస్/2 అనుభవము నేర్పినది. 1992 నాటి దాని రెండవ కూర్పులో ప్రాసెసరు కాలము న్యాయముగా పంచబడుచుండెను. కాని మీటల నొక్కుడులును మౌస్ కదలికలును అన్ని ప్రోగ్రాములకును ఒకే వరుసగుండ పోవుచుండెను. వరుస మొదటనున్న చీటీని దాని యజమాని తీసికొననంతవరకు వెనుకవి కదలవు. పది కార్యాలయములకు ఒక్కడే బంట్రోతు, మొదటి గుమాస్తా ఉత్తరము పుచ్చుకొననిదే రెండవ యింటికి పోనన్నట్లు! లోపల పనులన్నియు సాగుచునే యుండెను. చూచువానికి మాత్రము యంత్రమంతయు నిలిచిపోయినట్లే. విండోస్ ఎన్‌టీ నిర్మాతలు వేరు వేరు వరుసల నేర్పరచిరి.

ఇంతవరకు ఒక ప్రోగ్రాము మరియొకదానిని ఆటంకపరుపకుండుటను గూర్చి చెప్పితిమి. కాని ఒకే ప్రోగ్రాములోని గుమాస్తా తానే లెక్కలో మునిగినచో? దీనికి పరిష్కారము థ్రెడ్ అను ఏర్పాటు. థ్రెడ్ అనగా దారపు పోగు. ఒకే ప్రోగ్రాములో ఒకేసారి నడుచు పనిధారలలో నొకటి. మన తపాలా కార్యాలయములో వెనుకగదిలో రెండవ మనిషిని కూర్చుండబెట్టుటవంటిది. ఖాతాలు కూడుమన్న చీటీని కిటికీ గుమాస్తా లోపలికి పంపి, తాను వెంటనే తరువాతివానికి బిళ్ల లిచ్చును. లోపలివాడు లెక్క ముగించి, ఫలితమును చీటీపై వ్రాసి ముందుకు పంపును. కిటికీ గుమాస్తా దానిని తన వరుసలో తీసి తెరమీద ప్రకటించును.

లోపలివాడే వచ్చి తెరమీద వ్రాయరాదా యని అడుగవచ్చును. పలువురు నిర్మాతలు ఆ ప్రయత్నము చేసిరి. అందులోని చిక్కును సన్ సంస్థలో జావా భాషకు పనిచేసిన గ్రాహం హామిల్టన్ 2004 లో వివరించిరి. మీట నొక్కిన వార్త యంత్రపు అడుగునుండి పైకి, అనగా తెరనుండి ప్రోగ్రామునకు పోవును. ప్రోగ్రాము ఆజ్ఞలు పైనుండి క్రిందికి దిగును. ఇద్దరును దారిలో గదులకు తాళములు వేసికొనుచు పోవలెను. ముందరివాడు కౌంటరు తాళముచెవి తీసికొని డబ్బుపెట్టె తాళముచెవికై చూచును. వెనుకవాడు డబ్బుపెట్టె తాళముచెవి పట్టుకొని కౌంటరు తాళముచెవికై చూచును. ఇద్దరును మర్యాదస్థులే, ఇద్దరును శాశ్వతముగా నిలిచిపోవుదురు. తెర పలుకుటకై చేసిన ఉపాయమే తెరను బిగించివేసినది! కాబట్టి తెర నంటువాడు ఒక్కడే యుండవలెనని నియమము స్థిరపడెను. 1998 లో జావాతో చేర్చబడిన స్వింగ్ ఆ నియమమునే పాటించినది.

నియమము సులభము, ఆచరణ కష్టము. చీటీలు లోపలికి పంపుట, వెలుపలికి తెచ్చుట, నడుమ లోపము కలిగినచో తెలియజేయుట ప్రోగ్రాము వ్రాయువానికి పెద్ద శ్రమ. ఆ శ్రమ తగ్గించుటకై మైక్రోసాఫ్ట్ వారు 2005 లో బ్యాక్‌గ్రౌండ్‌వర్కరును, జావావారు 2006 లో స్వింగ్‌వర్కరును సమకూర్చిరి. 2012 లో సీ షార్ప్ భాషలో ఎసింక్, అవెయిట్ అను రెండు మాటలు చేరినవి. వీనితో వ్రాసినచో ప్రోగ్రాము పైనుండి క్రిందికి కథవలె సాగును. నిరీక్షింపవలసిన చోట గుమాస్తా ఆ కాగితమునకు గుర్తు పెట్టి, తరువాతివానిని పిలిచి, ఫలితము వచ్చినప్పుడు గుర్తు పెట్టిన చోటనుండి మరల అందుకొనును. ఇటువంటి ఏర్పాటు తరువాత జావాస్క్రిప్ట్, పైథాన్ మొదలగు భాషలలోనికి వచ్చెను.

తెర పలుకుట యనగా బొమ్మలు కదలుట మాత్రమే కాదు. "వద్దు, ఆపుము" అన్న మనిషి మాటను వినుట దానిలో ముఖ్యభాగము. ఇదియు అనుకొన్నంత సులువు కాదు. లోపలి మనిషిని మెడబట్టి లేపివేసినచో, ఆతడు సగము వ్రాసిన ఖాతాయు, వేసి మరచిన తాళమును అట్లే మిగిలిపోవును. జావాలో థ్రెడ్‌ను బలవంతముగా నిలుపు ఆజ్ఞను ఈ కారణముచేతనే 1998 లో వాడదగనిదిగా ప్రకటించిరి. సరియైన పద్ధతి ఆతని బల్లమీద "ఆపవలెను" అను చీటీ నుంచుట. ఆతడు ప్రతి పుట చివరను ఆ చీటీకై చూచి, చేతిలోని వరుస ముగించి, ఖాతా మూసి, తాళము తీసి లేచుట. 2010 లో డాట్‌నెట్ వ్యవస్థలో ఇందుకై ప్రత్యేకమైన సాధనము నేర్పరచిరి.

ఇన్ని చేసినను గుమాస్తా మునిగిపోవు ప్రోగ్రాము లుండునని యెరిగి, ఆపరేటింగు సిస్టము నిర్మాతలు చివరి కాపుదల యొకటి పెట్టిరి. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో, ఒక గడి కొన్ని సెకనులవరకు చీటీలు తీసికొనకున్నచో, వ్యవస్థ దాని స్థానమున అదే పరిమాణముగల నీడగడిని నిలిపి, పేరుప్రక్కన "స్పందించుటలేదు" అని వ్రాయును. ఆ నీడను జరుపవచ్చును, మూయవచ్చును. 2008 లో గూగుల్ వారి క్రోమ్ బ్రౌజరు పుటలను వేరు వేరు ప్రాసెసులలో నడిపి, ఒక పుట బిగిసినను తక్కినవి సాగునట్లు చేసెను.

ఉపాయములన్నియు తెలిసియుండగా, నేటికిని తెరలు బిగుసుకొనుట యేల? యంత్రములు మందమై కాదు. ప్రోగ్రాము వ్రాయువాడు తన మంచి యంత్రముపై పది పేర్ల జాబితాతో పరీక్షించును. కచేరీలో దానికి లక్ష పేర్ల జాబితా తగులును. ఆతని బల్లదగ్గర ఇంటర్నెట్టు వేగముగా నుండును. పల్లెలో అది తెగుచు కలియుచుండును. దూరపు యంత్రమునుండి బదులు వచ్చువరకు కిటికీ గుమాస్తాను నిలువబెట్టుట వ్రాయువానికి రెండు పంక్తుల పని. వెనుకగదికి పంపుట ఇరువది పంక్తుల పని. ఆ పదునెనిమిది పంక్తుల శ్రమను ఆతడు తప్పించుకొన్నచో, దానిని వేలకొలది జనులు నిరీక్షణరూపమున తీర్చుచుందురు.

అన్నిటికంటె మమ్ము ఆలోచింపజేయు సంగతి మరియొకటి. తెర పలుకనప్పుడు నిపుణుడు యంత్రమును తిట్టును. సామాన్యులు తమ్ము తాము నిందించుకొందురు. ఇంటిలో కొత్తగా కంప్యూటరు నేర్చుకొనుచున్న తల్లి, మీట నొక్కిన వెంటనే తెర బిగుసుకొనినచో, "నేనేదో చెడగొట్టినాను" అని చేయి వెనుకకు తీసికొనును. కుమారుడు వచ్చువరకు మరల దానిని ముట్టదు. తప్పు ఆమెది కాదు. ఆమె అడిగినది న్యాయమైన పని. యంత్రము దానిని చేయుచునే యున్నది. చేయుచున్నానను ఒక్క మాట చెప్పలేదు. ఆ మాటను యంత్రముచేత పలికింపవలసినది దానిని నిర్మించినవారు.

పని వేగముగా జరుగవలెననుట అన్నివేళల సాధ్యము కాదు. పెద్ద లెక్కకు పెద్ద కాలము పట్టును. కాని వినుచున్నాను, చేయుచున్నాను, ఇంత మిగిలినది, వలదన్నచో ఆపెదను అను నాలుగు మాటలు చెప్పుటకు ఏ యంత్రమునకైనను తీరిక యుండును. 1959 లో మెకార్తీయు స్ట్రాచీయు లేవనెత్తిన ప్రశ్నకు నేడు ఎవరిని అడిగినను మనుష్యుని కాలమే విలువైనదని చెప్పుదురు. ఆ మాటను నోటితో గాక పనితో చెప్పిన ప్రోగ్రాములనే జనులు నమ్మి చేరదీసెదరు.